పూత మీద గుత్త: పత్రిక చందాలో తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది?

కదిరి నుంచి గోరంట్ల మీదుగా హిందూపురం పోయే దారిలో మా ఊరు. రాతలో ఓబులదేవరచెరువు, నోట్లో ఓ.డి.చెరువు. మొన్నొక సాయంత్రం వరసకు అల్లుడయ్యే కుర్రాడు ఒక వ్యవసాయ మాసపత్రిక చేత పట్టుకొని మా అరుగు మీదికి వచ్చాడు. అతని ఏడాది చందా ఆ నెలతో తీరిపోతోంది. పేజీల మధ్య నుంచి నున్నటి కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. అందులో మూడు వరసలు ఉన్నాయి. ఏడాదికి 480 రూపాయల బదులు 400. రెండేళ్లకు 960 బదులు 720. మూడేళ్లకు 1,440 బదులు 960. మూడో వరస చుట్టూ ఎర్రగీత, దాని పక్కన పెద్ద అక్షరాలతో ‘33 శాతం తగ్గింపు’.

“మామా, ఇంత తగ్గిస్తే వాళ్లకేం మిగుల్తాది? ఇది మోసమా, లేకుంటే ధర్మానికి ఇస్తాండారా?” అని అడిగాడు.

ఈ కుర్రాడు ఏటా చింతచెట్లు గుత్తకు పట్టి, హిందూపురం మార్కెట్టుకు చింతపండు తోలుతుంటాడు. అందుకని నేనే ఎదురడిగాను. “చెరువు కట్ట కింది చెట్లు పోయినేడు ఎప్పుడు పట్టినావప్పా?”

“పూత మీద పట్టినా మామా.”

“కాయ ముదిరినాక పట్టింటే?”

“అప్పుడు ఆ రేటుకు యాడ ఇస్తారు? చెట్టు నిండా కాయ కనపడతాంటే ఎక్కువే అడుగుతారు.”

“మరి పూత మీద తక్కువకు ఎందుకిచ్చినారు?”

“నా దుడ్డు ముందే వాళ్ల చేతిలో పడింది కదా. గాలికి పూత రాలినా, కాయ పట్టకపోయినా నష్టం నాదే.”

పత్రిక చందాలో తగ్గింపు అర్థం కావడానికి కావలసినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. చందా కూడా పూత మీద పట్టే గుత్తే. ఇంకా అచ్చు కాని, ఇంకా రాయని 36 సంచికలకు ఈరోజే డబ్బు కడుతున్నాం. ముందుగా ఇచ్చినందుకూ, కాపు ఎలా ఉంటుందో తెలియకుండానే నమ్మినందుకూ పత్రిక మనకు ధర తగ్గిస్తుంది. కాబట్టి తగ్గింపు చూడగానే మోసం అనుకోనక్కర్లేదు, దానం అనుకోనూ అక్కర్లేదు. ఆ తగ్గింపు ఏ మూల నుంచి వస్తోందో తెలుసుకుంటే కట్టాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు.

చందా అనే మాట

వినాయక చవితికి వీధి పిల్లలు రసీదు పుస్తకం పట్టుకొని వచ్చి అడిగేదీ చందాయే, పత్రికకు ఏడాదికోసారి కట్టేదీ చందాయే. పదిమంది తలా కొంత వేసుకొని ఒక పని నడిపించడం ఆ మాటకున్న అసలు అర్థం. తెలుగు పత్రికలు చాలాకాలం ఆ అర్థంలోనే బతికాయి. మా ఉమ్మడి జిల్లాలో పప్పూరు రామాచార్యులు 1926 ఆగస్టు 14న అనంతపురం నుంచి ‘శ్రీసాధన’ వారపత్రిక మొదలుపెట్టారు. అలాంటి చిన్న ఊళ్ల పత్రికలకు పెద్ద వ్యాపార ప్రకటనలు దొరికేవి కావు. చందాదారులే ఆధారం.

అప్పట్లో సమస్య ఇప్పటికి పూర్తిగా తలకిందులు. ఈరోజు పాఠకుడు ముందు కట్టి పత్రిక కోసం ఎదురుచూస్తాడు. ఆ రోజుల్లో పత్రిక ముందు వెళ్లేది, డబ్బు తర్వాత వచ్చేది, చాలాసార్లు వచ్చేది కాదు. ఆ కాలపు తెలుగు పత్రికలు తిరగేస్తే బాకీ చందాలు పంపమని సంపాదకులు చేసుకున్న మనవులు తరచూ కనబడతాయి. ఆ బాకీలు రాబట్టడానికి వి.పి.పి. పద్ధతి వాడేవారు. పోస్ట్‌మాన్ చేతికి డబ్బిస్తేనే సంచిక చేతికొచ్చేది. తీసుకోనని తిప్పి పంపితే తపాలా ఖర్చు పత్రిక నెత్తిన పడేది. ముందుగా కట్టే చందాదారు ఎంత విలువైనవాడో పత్రికలు ఆ అనుభవంతోనే నేర్చుకున్నాయి.

అయినా ఆ విలువకు అన్నిచోట్లా తగ్గింపు రూపం రాలేదు. 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలైనప్పుడు విడిప్రతి ఆరణాలు. ఆ ధరకే పన్నెండు సంచికలకు 72 అణాలు, అంటే నాలుగున్నర రూపాయలు. పిల్లల పుస్తకానికి ఒక కుటుంబం అంత సొమ్ము ఒక్కసారిగా తీయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ‘సప్తగిరి’ చూడండి. కొన్నేళ్ల కిందటి సంచికల్లో విడిప్రతి 5 రూపాయలు, సంవత్సర చందా 60, జీవిత చందా 500 అని ఉండేది. 12 సంచికలను ఐదుతో గుణిస్తే 60, అంటే ఏడాది చందాలో తగ్గింపు పైసా కూడా లేదు. సంచిక ఇంటికి వస్తుందన్నదే లాభం. తగ్గింపంతా జీవిత చందాలో ఉంది. ఎనిమిదేళ్ల నాలుగు నెలల వెల కడితే ఆపైన వచ్చేదంతా మిగులు.

మనియార్డరు రోజుల్లో ఈ లెక్కకు ఇంకో ముడి కూడా ఉండేది. ప్రతి 20 రూపాయలకు ఒక రూపాయి కమిషను. 60 రూపాయలు పంపితే మూడు రూపాయలు పోస్టాఫీసుకు. ఫారం నింపడం, క్యూలో నిలబడడం వేరే. అందుకే ఏటా పంపే బదులు రెండు మూడేళ్లకు ఒకేసారి పంపడం చాలామందికి శ్రమ తగ్గే మార్గంగా ఉండేది.

పత్రిక వైపు లెక్క

ఇక అల్లుడి కాగితం మీదికి వద్దాం. 40 రూపాయల సంచిక మూడేళ్ల చందాలో 26 రూపాయల 67 పైసలకు వస్తోంది. ఇది పత్రికకు నష్టమేమో చూద్దాం. కింది అంకెలు ఏ పత్రికవీ కావు, వ్యాపారం నడిచే తీరు తెలియడానికి నేను వేసుకున్న లెక్క.

పత్రిక వంద ప్రతులు స్టాళ్లకు పంపిందనుకుందాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం రైలు స్టేషన్ల దగ్గర, కదిరి బస్టాండులో అవి వేలాడుతాయి. వందలో 70 అమ్ముడుపోతాయి. మిగతా 30 నెల తిరిగేసరికి పాతబడి వెనక్కి వస్తాయి, తూకానికి పోతాయి. అమ్ముడైన ప్రతి మీద ఏజెంటుకు, దుకాణదారుకు కలిపి 30 శాతం కమిషను, అంటే 12 రూపాయలు. పత్రికకు మిగిలేది 28. డెబ్బై ప్రతులకు 1,960 రూపాయలు. కానీ అచ్చువేసింది వంద ప్రతులు కదా. అచ్చయిన ఒక్కో ప్రతికి పత్రిక చేతికి వచ్చింది 19 రూపాయల 60 పైసలే. అది కూడా ఏజెంటు లెక్క తేల్చి పంపినప్పుడు, అంటే ఒకటి రెండు నెలల తర్వాత.

ఇప్పుడు చందా ప్రతి చూడండి. 26 రూపాయల 67 పైసలు ముందే వచ్చేశాయి. కాగితం చుట్టి, చిరునామా చీటీ అంటించి, పోస్టులో వేయడానికి రెండున్నర రూపాయలు పోయినా 24 రూపాయలు మిగులుతాయి. అమ్ముడుపోదన్న భయం లేదు, ఎన్ని వేయాలో కచ్చితంగా తెలుసు. అంటే 33 శాతం తగ్గించి కూడా పత్రిక స్టాలు అమ్మకం కంటే చందాలోనే ఎక్కువ కళ్లజూస్తోంది. మా అల్లుడు అడిగిన ‘వాళ్లకేం మిగుల్తాది’ అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. మనకు తగ్గింది పత్రిక జేబులోంచి పోలేదు. ఏజెంటు కమిషను, తిరిగొచ్చే ప్రతుల నష్టం తప్పినందువల్ల మిగిలినదాన్ని పత్రిక, పాఠకుడు పంచుకున్నారు.

పోస్టు ఖర్చు అంత తక్కువా అని అనుమానం రావచ్చు. పత్రికలకు తపాలా శాఖ ప్రత్యేక రాయితీ ఇస్తూ వచ్చింది. రిజిస్టరైన పత్రిక ఒక ప్రతి 50 గ్రాములు దాటకుంటే 25 పైసలు, 100 గ్రాముల దాకా 50 పైసలు, ఆపైన ప్రతి వంద గ్రాములకు 20 పైసలు. దశాబ్దాలపాటు నడిచిన రేటు ఇది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఈ రాయితీకి పెట్టిన షరతులు గమనించదగ్గవి. పత్రిక 31 రోజులకు మించని ఎడంతో వెలువడాలి, దానికి నిజమైన చందాదారుల జాబితా ఉండాలి. అంటే ఈ మూల ఊళ్లో మనం కట్టే ఒక్క చందా ఆ జాబితాలో ఒక పేరు అవుతుంది. ఆ జాబితా ఉన్నందుకే చిన్న పత్రిక పావలా అర్ధరూపాయికి దేశమంతా తిరగగలిగింది. మాకు పక్కనే ఉన్న పుట్టపర్తి నుంచి 1958లో మొదలైన ‘సనాతన సారథి’ మాసపత్రిక వంటివి దూరదూరాల ఇళ్లకు చేరింది తపాలా దారినే.

ఇప్పుడు తపాలా నియమాలు మారుతున్నాయి. 2023లో చేసిన కొత్త పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. మామూలు పోస్టులో పోతుందేమోనని రిజిస్టర్డ్ పోస్టులో పంపమని అదనంగా కట్టే చందాదారులు ఆ అదనం ఇప్పుడెంతో అడిగి తెలుసుకోవాలి. తగ్గింపులో మిగిలినదంతా అక్కడే ఖర్చయిపోవచ్చు.

ప్రకటనల సంచి

తగ్గింపుకు ఇంకో మూలం ప్రకటనలు. అమెరికాలో ఫ్రాంక్ మన్సీ అనే ప్రచురణకర్త 1893లో తన మాసపత్రిక ధరను 25 సెంట్ల నుంచి ఒక్కసారిగా 10 సెంట్లకు దించాడు. రెండేళ్లలో ప్రతులు ఐదు లక్షలకు చేరాయి. అంతమంది చదివే పత్రికలో ప్రకటన వేయడానికి కంపెనీలు వరస కట్టాయి. పాఠకుడి దగ్గర తగ్గించినదాన్ని ప్రకటనల మీద రాబట్టవచ్చని అప్పటినుంచి పత్రికాలోకం నేర్చుకుంది. మన దేశంలో పత్రికల ప్రతులు లెక్కగట్టి ధ్రువీకరించే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ 1948లో ఏర్పడింది కూడా ఇందుకే. ఎన్ని ప్రతులు అమ్ముడవుతున్నాయో నమ్మకంగా తెలియకపోతే ప్రకటనకర్త ఎందుకు డబ్బు పెడతాడు?

ధరకూ పాఠకుల సంఖ్యకూ ఉన్న ఈ ముడి మన సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. దినపత్రిక ధరను బట్టి ఎన్ని పేజీలు ఉండాలో ప్రభుత్వం నిర్ణయించేందుకు 1956లో ఒక చట్టం చేశారు. 1960లో దాని కింద ఉత్తర్వు వచ్చింది. పుణెకు చెందిన ‘సకాళ్’ పత్రిక దాన్ని సవాలు చేసింది. ధర పెంచక తప్పని పరిస్థితి వస్తే పాఠకులు తగ్గుతారు, పాఠకులు తగ్గితే భావాలు చేరే దూరం తగ్గుతుంది, కనుక అది భావ ప్రకటన స్వేచ్ఛకే దెబ్బ అని 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పత్రిక వెల తగ్గడం ఒట్టి వ్యాపార విషయం కాదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఈ ప్రకటనల సంచి అన్ని పత్రికలకూ ఉండదు. సాహిత్య, వ్యవసాయ, పిల్లల మాసపత్రికల్లో చాలావాటికి ప్రకటనలు అంతంతమాత్రం. అందుకని ఒక చిన్న పరీక్ష చెబుతాను. పెద్ద తగ్గింపు కాగితం చేతికి వచ్చినప్పుడు ఆ సంచికలో ప్రకటనల పేజీలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. బాగా ఉంటే తగ్గింపు భారం మోసేవాళ్లు వేరే ఉన్నారు. ప్రకటనలు లేవు, తగ్గింపు మాత్రం సగానికి సగం ఉందంటే జాగ్రత్తపడాలి. ఆ పత్రికకు ఈరోజు రొక్కం అత్యవసరమై ఉండవచ్చు. మనం మూడేళ్లకు కట్టిన డబ్బు ఈ నెల కాగితం బాకీకి పోతే, మూడో ఏడు మన సంచిక అచ్చువేయడానికి ఏం మిగులుతుంది? లెక్క తెలిసిన ప్రచురణకర్త ముందుగా వచ్చిన చందాను రాబడిగా చూడడు, తీర్చవలసిన బాకీగా రాసుకుంటాడు. నెలకొక సంచిక పంపినప్పుడల్లా ముప్పై ఆరో వంతు బాకీ తీరుతుంది.

పాఠకుడి వైపు లెక్క

ఇప్పుడు మన వైపు చూద్దాం. కాగితం మీద శాతం కంటే మూడు లెక్కలు ముఖ్యం.

మొదటిది సంచికల లెక్క. 960 రూపాయలకు విడిప్రతులు కొంటే 24 వస్తాయి. అంటే మూడేళ్లలో వచ్చే 36లో కనీసం 24 చదివితేనే కట్టిన డబ్బు గిట్టినట్టు. సగమే, అంటే 18 మాత్రమే చదివితే చదివిన ఒక్కో సంచిక 53 రూపాయలకు పైగా పడింది. అదే ఏడాది చందా 400కు అయితే 12లో 10 చదవాలి. గడిచిన ఏడాది మీరు నిజంగా ఎన్ని సంచికలు చదివారో అటక మీది కట్ట చెబుతుంది. విప్పని రాపర్లు ఎన్నున్నాయో చూడండి.

పట్నంలో ఉన్నవాళ్లకు ఇక్కడితో లెక్క అయిపోతుంది. మా ఊళ్లాంటి చోట ఇంకొక మెట్టు ఉంది. ఇక్కడ విడిప్రతి కావాలంటే కదిరికో హిందూపురానికో బస్సెక్కాలి. పోను రాను ఛార్జీ సంచిక ధరను మించుతుంది. కాబట్టి పల్లె పాఠకుడికి పూర్తి ధరకు చందా కట్టినా లాభమే. పోస్ట్‌మాన్ తెచ్చి గుమ్మంలో ఇవ్వడమే అసలు తగ్గింపు. ఆ పైన శాతాలు కొసరు.

రెండోది వడ్డీ లెక్క. మూడేళ్లకు ఒకేసారి 960 కట్టడం ఒక దారి. ఏటా 400 చొప్పున కట్టుకుంటూ పోవడం ఇంకో దారి. ధర మారదనుకుంటే మూడేళ్లకు 1,200 అవుతుంది. మొదటి దారిలో ఈరోజు 560 అదనంగా ఇస్తున్నాం. దానివల్ల ఏడాది తర్వాత 400, రెండేళ్ల తర్వాత ఇంకో 400 కట్టే పని తప్పుతోంది. వడ్డీ కట్టి చూస్తే ఏడాదికి 27 శాతం పైచిలుకు. మా పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. అంటే పత్రిక మనకు నూటికి రెండు కంటే ఎక్కువే వడ్డీ ఇస్తోంది.

ఈ మాట విని అల్లుడు సంబరపడ్డాడు. నేను ఆపాను. ఊళ్లో నూటికి రెండు దాటి వడ్డీ ఇస్తానని ఎవరన్నా వస్తే ముందు ఏం చూస్తాం? తిరిగి ఇవ్వగలడా అని చూస్తాం. వడ్డీ పెరిగేకొద్దీ అసలు మీద అనుమానం పెరగాలి. చందాకూ అదే వర్తిస్తుంది. ఎక్కువ తగ్గింపులో కొంత భాగం మనం మోస్తున్న అపాయానికి వెల.

మూడోది పోలిక లెక్క. ధర్మవరంలో ఆషాఢం వస్తే పట్టుచీరల మీద తగ్గింపు ఇస్తారు. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి సరుకు కదలదు, కదిలించడానికి ధర దించుతారు. అక్కడ చీర మన కళ్ల ముందుంది, అంచు పట్టి చూడొచ్చు, జరీ గీకి చూడొచ్చు. ఆ తగ్గింపు ఉన్న సరుకు మీద. పత్రిక తగ్గింపు ఇంకా పుట్టని సరుకు మీద. రెండింటినీ ఒకే కళ్లతో చూసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

శాతాలు చదివే పద్ధతి

‘రెండేళ్లు కడితే ఒక ఏడాది ఉచితం’ అంటే చూడడానికి సగం తగ్గినట్టుంటుంది. మూడేళ్లకు రెండేళ్ల ధర అంటే తగ్గింది మూడో వంతే. ‘500 విలువైన బ్యాగు ఉచితం’ అన్నచోట ఆ 500 తయారీదారు వేసుకున్న వెల. ఆ బ్యాగుకు మీరైతే బజార్లో ఎంత పెడతారో అంతే లెక్కలోకి తీసుకోవాలి. ‘పోస్టు ఖర్చులు అదనం’ అన్న చిన్న అక్షరాలు ముందు చదవండి. సంచికల సంఖ్య అడగండి. రెండు నెలలకు కలిపి ఒకటే సంచిక వేసి రెండుగా లెక్కపెట్టే అలవాటు ఉంటే పన్నెండు కాస్తా పదో పదకొండో అవుతాయి. దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికలు చందాలో కలిసే ఉన్నాయా, వేరే కట్టాలా అన్నదీ తేల్చుకోవాలి.

ఇంకొకటి. కొత్తగా చేరేవాళ్లకు సగం ధర, పదేళ్లుగా కడుతున్నవాళ్లకు పూర్తి ధర అనే పద్ధతి చాలాచోట్ల ఉంది. పాతవాళ్లు ఎటూ పోరన్న ధీమా అది. రెన్యువల్‌కు ముందు కొత్తవాళ్లకు ఎంతకు ఇస్తున్నారో చూసి, ఆ ధరే తమకూ ఇమ్మని అడగడం తప్పు కాదు. అడిగితే చాలాసార్లు ఇస్తారు.

చెట్టు ఎండితే

పత్రికలు ఆగిపోతాయి. పెద్దవి కూడా ఆగిపోతాయి. ఆరు దశాబ్దాలు నడిచిన ‘చందమామ’ 2007లో చేతులు మారి, కొన్నేళ్లకు మూతపడింది. ‘ఇండియా టుడే’ తెలుగు సంచిక 2015 ఫిబ్రవరిలో ఆగింది. నాలుగు దశాబ్దాలకు పైగా నడిచిన ‘విపుల’, ‘చతుర’ 2021లో నిలిచిపోయాయి. వీటి పేర్లు తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వీటిలో ఏదీ రేపే ఆగుతుందని పాఠకుడు ఊహించలేకపోయాడని చెప్పడానికి. ఇంత పేరున్నవే ఆగినప్పుడు, ఏ పత్రికకైనా మూడేళ్లకు మించి ముందే కట్టేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

జీవిత చందా విషయంలో ఇది మరీ అవసరం. అందులో జీవితం ఎవరిది? చదివేవాడిదా, పత్రికదా, లేక నియమాల్లో రాసిన ఇన్నేళ్లదా? కట్టేముందు రాతపూర్వకంగా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. పత్రిక ఆగిపోతే మిగిలిన సొమ్ము తిరిగి ఇస్తారా, ఇంకో పత్రిక పంపుతారా అన్నది రెండోది. రసీదు, చందా సంఖ్య దాచుకోవడం మన పని.

అడిగినా న్యాయం జరగనప్పుడు దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిజంగా లేని తగ్గింపును ఉన్నట్టు చూపడం, ఇస్తామన్న బహుమతి ఇవ్వకుండా ఎగ్గొట్టడం అనుచిత వ్యాపార పద్ధతులు. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించవచ్చు. జిల్లా కమిషన్‌కు వెళ్లాలన్నా ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. ముఖ్యంగా, పత్రిక ఆఫీసు హైదరాబాదులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

ఫోన్‌లో చదివే చందాలకు ఉచ్చు ఇంకో రకం. ‘మొదటి నెల ఒక్క రూపాయికే’ అని కార్డు నంబరో యూపీఐ అనుమతో తీసుకుంటారు. రెండో నెల నుంచి పూర్తి ధర దానంతట అదే ఖాతాలోంచి కోతపడుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. ఆ మెసేజి చూసి తోసేయవద్దు. చేర్చుకోవడం సులువు చేసి, వదిలిపోవడం కష్టం చేసే చందా ఉచ్చును, ‘ఇంకో పది నిమిషాలే’ అని లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 మోసపు ఎత్తుగడల జాబితాలో చేర్చింది.

మరి కట్టాలా, వద్దా?

కట్టాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పింది కట్టవద్దనడానికి కాదు. మా ప్రాంతంలో చెనిక్కాయ వేసే రైతుకు తెగులు గురించి, కొత్త విత్తనం గురించి నెలనెలా ఇంటికొచ్చి చెప్పేది పత్రిక. బడి పిల్లలకు పాఠ్యపుస్తకం బయట తెలుగు చదివించేది పత్రిక. చందాదారులు తగ్గితే ముందు మాయమయ్యేవి ఇలాంటివే. తగ్గింపు ఉందని అక్కర్లేని పత్రిక కట్టడం ఎంత వృథానో, తగ్గింపు లేదని మనసుకు నచ్చిన చిన్న పత్రికను వదిలేయడం అంత నష్టం. మెచ్చిన పత్రికకు ఏటేటా పూర్తి ధర కట్టడం కూడా ఒక పద్ధతే. చందా అనే మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థం అదే కదా.

నా మాటలన్నీ విని అల్లుడు ఇంటికి వెళ్లి, ఏడాది సంచికల కట్ట తెచ్చాడు. అరుగు మీద వరసగా పరిచాం. కొన్నింటికి రాపర్లు ఇంకా ఉన్నాయి. చీటీ మీద చందా సంఖ్య, ఊరి పేరు, పిన్‌కోడు, కింద మూలన చిన్నగా గడువు తీరే నెల. పోస్టు ముద్రల తేదీలు దీపం దగ్గర పెట్టి చదివాం. పన్నెండింటిలో పదకొండు చేరాయి. రెండు మాత్రం నెల దాటాక వచ్చాయి. పదింటిలో అతను పెన్సిలుతో గీతలు పెట్టుకొని ఉన్నాడు. ఒకదాంట్లో వేరుపురుగు గురించిన పేజీ మడత పెట్టి ఉంది.

“చెట్టు పట్టేముందు చుట్టూ తిరిగి చూస్తావు కదా, చూసినావు. ఇప్పుడు చెప్పు” అన్నాను.

“చెట్టు మంచిదే మామా. కానీ మూడేండ్ల కాపు ఒకేసారి నేను ఎవుని దగ్గరా పట్టలేదు. ఈ ఏటికి పడతా. రాని సంచిక గురించి కూడా రాస్తా” అన్నాడు.

జేబులోంచి గుత్త లెక్కల నోటుబుక్కు తీశాడు. చెరువు కట్ట చెట్ల వరస కిందనే ఇంకో వరస రాసుకున్నాడు. పత్రిక పేరు, 400, రసీదు నంబరు కోసం వదిలిన ఖాళీ, ఆ పక్కన గడువు తీరే నెల.